హుగ్లీ నదీముఖంలో పోసిన బురద నిలవకపోతే: మోడల్‌ని ఎలా దారికి తెచ్చాను

పశ్చిమ బెంగాల్‌లోని హల్దియా రేవుకు వెళ్ళే నౌకామార్గంలో తవ్విన పూడికను నదీముఖంలోనే ఇంకోచోట పోస్తే, తిరిగి మార్గంలోకి వస్తుందా? నీరు, ఒండ్రు కదలికను లెక్కగట్టే డెల్ఫ్ట్ త్రీడీ అనే కంప్యూటర్ మోడల్‌తో తేల్చాల్సింది ఇదే. నీటిమట్టాలు, ప్రవాహ వేగాలు కొలతలతో చక్కగా కలిశాయి. బురద దగ్గరే తేడా: మోడల్‌లో పోసిన బురద గుట్ట కదలదు, సర్వేలో కరిగిపోయి కనిపిస్తుంది.

ముందు దిగుడు వేగం, అంటే రేణువు నీటిలో అడుక్కి దిగే వేగం చూశాను. నాలుగు మైక్రాన్ల రేణువు ఒంటరిగా సెకనుకు దాదాపు 0.01 మిల్లీమీటరే దిగుతుంది. ఉప్పునీటిలో ముద్దకడితే పదుల రెట్లు వేగం. అది సరిచేసినా ఫలితం అంతంతమాత్రం.

అసలు సంగతి అడుగున ఉంది. మోడల్‌కి నది అడుగంతా ఒకే గట్టి మన్ను. కొత్తగా పోసిన బురదేమో పలచటి అంబలి, కొద్దిపాటి ప్రవాహానికే లేస్తుంది. అడుగును రెండు పొరలు చేసి, కోత మొదలయ్యే ఒత్తిడి పైపొరకు 0.15 పాస్కల్ (ఒత్తిడి కొలమానం), కిందిదానికి 0.8 ఇచ్చాను. గుట్ట సర్వేలోలాగే కరిగింది.

తర్వాత పోసే వేళ మార్చి చూశాను. హుగ్లీలో పోటు తక్కువసేపు, ఉధృతం. ఆటు ఎక్కువసేపు, నెమ్మది. అందుకే వేసవిలో ఒండ్రు ఎగువకే జరుగుతుంది. ఆటు మొదట్లో పోస్తే మార్గంలోకి తిరిగొచ్చేది బాగా తగ్గింది. హాపర్ (ఓడలో పూడిక నింపే తొట్టి) నిండగానే ఖాళీ చేసి రావాలనుకునే డ్రెడ్జర్ (పూడిక తవ్వే ఓడ) వాళ్ళకి ఇది రుచించదు, నిజమే.

మోడల్‌ని కనీసం ఒక పక్షమైనా నడపండి, బలమైన అమావాస్య పోటూ బలహీనమైన అష్టమి పోటూ రెండూ రావాలి. వరదకాలానికి విడిగా నడపాలి.