బడి బోర్డుకి ‘ఈ రోజు శాస్త్రవేత్త’ – 3వ పాఠం: పాత తేదీని కొత్త తేదీకి మార్చడం

కిందటి పాఠంలో ఏ తేదీన ఏ శాస్త్రవేత్త పుట్టాడో, పోయాడో రాసుకోడానికి గీసుకున్న పట్టికలో జనవరి 8 గడి తీయండి. గెలీలియో మరణం 1642, స్టీఫెన్ హాకింగ్ జననం 1942. ఇందులో పేచీ లేదు, ఇటలీ 1582లోనే గ్రెగోరియన్ క్యాలెండర్‌కి, అంటే ఇప్పుడు మనం వాడే కొత్త లెక్కకి మారిపోయింది. చిక్కంతా న్యూటన్‌తోనే. ఒక పుస్తకంలో డిసెంబరు 25, 1642, ఇంకోదాంట్లో జనవరి 4, 1643.

రెండూ ఒప్పే. మనకిది వింతేం కాదు. తిథి ప్రకారం పుట్టినరోజు ఒకటి, తేదీ ప్రకారం ఇంకోటి, టెన్త్ సర్టిఫికెట్లో మూడోది ఉన్నవాళ్లు బెజవాడలో వీధికి నలుగురు దొరుకుతారు. న్యూటన్ పుట్టినప్పుడు ఇంగ్లండు పాత జూలియన్ లెక్కలోనే ఉంది.

పాత లెక్కలో నాలుగేళ్లకోసారి లీపు తప్పదు. కొత్త లెక్క 1700, 1800, 1900లకు లీపు తీసేసింది, 1600కి ఉంచింది. అందుకే తేడా ఆగి ఆగి పెరిగింది. పాత తేదీ 1582 అక్టోబరు నుంచి 1700 ఫిబ్రవరి 28 లోపుదైతే 10 రోజులు కలపాలి. ఆ ఏడు మార్చి 1 నుంచి 1800 ఫిబ్రవరి 28 వరకు 11, అక్కణ్ణుంచి 1900 ఫిబ్రవరి 28 దాకా 12, ఆ తర్వాత 13.

మూలకాల ఆవర్తన పట్టిక వేసిన మెండలీవ్‌ని తీసుకుందాం. రష్యాలో పాత లెక్క ప్రకారం 1834 జనవరి 27న పుట్టాడు. 27కి 12 కలిపితే 39, జనవరికి 31 తీసేస్తే 8. అంటే ఫిబ్రవరి 8. పోయింది 1907 జనవరి 20న. ఇక్కడ 13 కలపాలి: 33లో 31 పోతే ఫిబ్రవరి 2. మనిషి ఒక్కడే, కలిపే అంకె మారింది. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఇంకో పొరపాటు, అప్పటికే మార్చిన ఫిబ్రవరి 8కి మళ్లీ 12 కలిపి ఫిబ్రవరి 20 గడిలో రాసేయడం. అందుకే బోర్డు మీద కొత్త తేదీ పెద్దగా రాసి, పక్కన పాతది చిన్నగా, ‘పాత’ అన్న మాటతో సహా రాయండి.

కలిపే ముందు ఆ దేశం ఎప్పుడు మారిందో చూసుకోవాలి. ఇంగ్లండులో 1752 సెప్టెంబరు 2 మర్నాడు 14 వచ్చింది. రష్యాలో 1918 జనవరి 31 మర్నాడు ఫిబ్రవరి 14. మన కృష్ణా ఆనకట్ట కాటన్ దొర (మే 15, 1803), కంకిపాడులో పుట్టిన ఇంజినీరు కె.ఎల్.రావు (జూలై 15, 1902) తేదీలకు ఏమీ కలపక్కర్లేదు.

న్యూటన్ మరణంలో ఇంకో మెలిక. అప్పట్లో ఇంగ్లండుకి సంవత్సరాది మార్చి 25. కాబట్టి అప్పటి లెక్కలో మార్చి 20, 1726 అంటే మన లెక్కలో మార్చి 31, 1727. రోజులు కలిపి ఏడాది మార్చకపోతే వయసు 84కి బదులు 83 వస్తుంది. వయసు వేసి చూడటం మంచి తనిఖీ.

అభ్యాసం: గణితవేత్త లోబచెవ్‌స్కీ పాత లెక్కలో 1792 నవంబరు 20న పుట్టి, 1856 ఫిబ్రవరి 12న పోయాడు. ఏ రెండు గడుల్లో రాస్తారు? జవాబు డిసెంబరు 1, ఫిబ్రవరి 24 రాకపోతే కలిపిన అంకెలు మళ్లీ చూసుకోండి.