బోటుకు కవరు కుట్టుకుందాం – 3వ భాగం: గాలికి లేవకుండా కట్టడం

మొదటి భాగంలో కొలతలు తీసుకున్నాం, రెండో భాగంలో గుడ్డ ఎంచుకున్నాం. ఇక అసలు పని ఇప్పుడే. బోటు కవరు ఎక్కువగా పాడయ్యేది వానకి కాదు, గాలికి. అదీ ఒక్క ఊపున లాగి చింపేయడం తక్కువే. ఎక్కడో కాస్త వదులుగా ఉన్నచోట గుడ్డ పగలూ రాత్రీ టపటపా కొట్టుకుంటూ ఉంటుంది, కొట్టుకున్నప్పుడల్లా కుట్టు దగ్గర దారం కొంచెం అరుగుతుంది, ఐలెట్ (తాడు దూర్చడానికి గుడ్డకి వేసే లోహపు రింగు) చుట్టూ చిల్లు కొంచెం సాగుతుంది, కొన్నాళ్ళకి వేలు పట్టేంత చిరుగు కనిపిస్తుంది, ఆ తర్వాత దాన్ని ఎవరూ ఆపలేరు. అందుకే ఈ భాగంలో చెప్పే ప్రతి పనీ రెండు విషయాల కోసమే: గుడ్డ కదలకూడదు, లాగుడు గుడ్డ మీద కాకుండా తాడు మీద పడాలి.

మన బోటు మొదటి భాగంలో కొలిచినదే. 28 అడుగుల పొడవు, మధ్యలో 6 అడుగుల వెడల్పు ఉన్న ఫైబర్ బోటు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో ఒడ్డుమీదకి లాగి పెట్టేది. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండ మొత్తం దానిమీదే, చివర్లో ఈదురుగాలితో దిగే మొదటి వానలు కూడా దానిమీదే.

గాలి బలం ఎంతో ఒకసారి లెక్క చూడండి, లేకపోతే ఇంత బందోబస్తు దేనికి అనిపిస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి ఎదురుగా నిలబడ్డ గుడ్డ మీద చదరపు మీటరుకు సుమారు 17 కేజీల ఒత్తిడి పెడుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు, అంటే 120 కిలోమీటర్ల దగ్గర 68 కేజీలు. మన బోటు పైభాగం 12 చదరపు మీటర్లు అనుకుందాం. గాలి గనక కవరు కిందికి దూరి పైకి లేపితే, 60 కిలోమీటర్ల గాలికే రెండు క్వింటాళ్ళ లాగుడు మీ కట్ల మీద పడగలదు. అందుకే కిందికి గాలి దూరకుండా చూడటం ముందు పని, కట్లు గట్టిగా వేయడం తర్వాతి పని. చాలామంది రెండోది మాత్రమే చేస్తారు.

దూరకుండా ఉండాలంటే కవరు బోటు అంచు దగ్గర ఆగిపోకూడదు. అంచు దాటి కనీసం 10 అంగుళాలు కిందికి దిగాలి, దిగిన చోట లోపలికి ముడుచుకోవాలి. వెడల్పు లెక్క ఇలా వేయండి. కవరుని కింద నుంచి ఎత్తి పట్టే వెన్నుకర్ర మధ్యలో బోటు అంచుకన్నా 2 అడుగులు ఎత్తులో ఉందనుకుందాం. మధ్య నుంచి పక్కకి 3 అడుగులు, ఎత్తు 2 అడుగులు, కాబట్టి వాలు పొడవు 3 అడుగుల 7 అంగుళాల పైచిలుకు. దానికి కిందికి దిగే 10 అంగుళాలు, అంచు మడతకి 3 అంగుళాలు కలిపితే ఒక పక్క 4 అడుగుల 8 అంగుళాలు దాటుతుంది, రెండు పక్కలకీ 9 అడుగుల 5 అంగుళాలు అని కత్తిరించండి. ఇది నడిమి కొలత మాత్రమే. మొదటి భాగంలో రెండేసి అడుగులకి ఒకటి చొప్పున తీసిన వెడల్పులన్నిటికీ ఇదే లెక్క విడివిడిగా వేయాలి, అణియం (బోటు ముందు కొస) వైపు వెళ్ళేకొద్దీ కొలత సన్నబడుతుంది.

వెన్నుకర్ర తప్పనిసరా అంటే, తప్పనిసరే. బల్లపరుపుగా కప్పిన కవరు మీద ఒక చదరపు మీటరు మేర 10 సెంటీమీటర్ల లోతున నీళ్ళు నిలిస్తే అది 100 కేజీలు. అంత బరువు కూర్చున్నాక గుడ్డ సాగి ఇంకా లోతవుతుంది, ఇంకా నీళ్ళు చేరతాయి. గట్టి వెదురు బొంగు ఒకటి పొడవునా, దాని కింద మూడు చోట్ల పంగల కర్రలు చాలు. బొంగు కణుపుల్ని చెక్కి నున్నగా చేసి, పైన పాత సైకిల్ ట్యూబు చుట్టండి. చెక్కని కణుపు ఆకురాయిలా గుడ్డని తినేస్తుంది.

ఇప్పుడు అంచు. కవరులో ముఖ్యమైన భాగం ఇదే, తొందరపడి కుట్టేదీ ఇదే.

అంచుని 3 అంగుళాలు లోపలికి మడిచి, లంగాకి బొందు దూర్చడానికి కుట్టినట్టు చుట్టూ గొట్టంలా కుట్టండి. కుట్టు ఒక వరుస చాలదు, పావు అంగుళం ఎడంతో రెండు వరుసలు. మిషన్‌కి 18 నంబరు సూది, అంగుళానికి ఆరు కుట్లకి మించకుండా, పాలిస్టర్ దారం. కుట్లు మరీ దగ్గరగా పడితే బలం పెరగదు, తపాలా బిళ్ళల కాగితంలా ఆ గీత వెంటే చిరుగుతుంది. నూలు దారం తడికి మురిగిపోతుంది, నైలాన్ దారం చూడ్డానికి గట్టిగా ఉన్నా ఎండకి పాలిస్టర్ కన్నా ముందే పెళుసవుతుంది. ఇంట్లో మిషన్ మీద పీవీసీ పూత గుడ్డ నాలుగు మడతలు ఎక్కించాలని చూడకండి, సూదులు విరగడం తప్ప పని జరగదు. లారీ పట్టాలు కుట్టేవాళ్ళ దగ్గరో, ఆటో సీట్లు కుట్టేవాళ్ళ దగ్గరో పెద్ద మిషన్ ఉంటుంది, కొలతలూ గుర్తులూ అన్నీ మీరు చాక్‌పీసుతో గీసి ఇస్తే వాళ్ళు కుట్టిపెడతారు. గీయకుండా నోటితో చెప్పి వస్తే మాత్రం లారీ పట్టాయే వస్తుంది.

ఆ గొట్టంలోంచి 8 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు దూర్చండి. అమరం (బోటు వెనక భాగం) వైపు రెండు కొసలూ బయటికి రావాలి. ఈ తాడు బిగిస్తే కవరు అంచు మొత్తం బోటు అంచు కిందికి ముడుచుకుని పట్టుకుంటుంది, లాగుడు అంతా చుట్టూ ఉన్న తాడు పంచుకుంటుంది. నైలాన్ తాడు వద్దు, తడిస్తే ఇంకా సాగుతుంది, వాన వచ్చిన రాత్రే కవరు వదులవుతుంది. చవకగా దొరికే ప్లాస్టిక్ తాడు ఎండకి పొడిపొడిగా రాలిపోతుంది, చేత్తో పట్టుకుంటే అరచేతిలో ముళ్ళు దిగుతాయి.

ఐలెట్ల సంగతి. దుకాణంలో రెడీమేడ్ పట్టాకి వచ్చే రింగుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఐలెట్ వేయడమంటే బలం కావాల్సిన చోటే గుడ్డకి చిల్లు పెట్టడం. తప్పదనుకుంటే ఇత్తడివి వాడండి, ఉప్పుగాలికి ఇనుపవి తుప్పు పట్టి చుట్టూ గుడ్డని కూడా తినేస్తాయి. ఐలెట్ పడే చోట మూడు మడతల గుడ్డ ఉండాలి, చిల్లు ఐలెట్ మెడ కన్నా కొంచెం చిన్నదిగా కొయ్యాలి, మెడ బిగువుగా దూరాలి, చిల్లు వదులుగా ఉంటే కొట్టినప్పుడు బాగానే కనిపించి మొదటి గాలికే ఊడి చేతికి వస్తుంది.

నా ఓటు మాత్రం నవారు ఉచ్చులకే. మంచానికి అల్లే నూలు నవారు కాదు, స్కూలు బ్యాగుల భుజాలకి వాడే రకం, అంగుళం వెడల్పున్న పాలిస్టర్ పట్టీ. 10 అంగుళాల ముక్క తీసుకుని సగానికి మడిచి, మడత కొస కింద అంచు నుంచి ఒక అంగుళం బయటికి ఉండేలా పెట్టి, మిగతా 4 అంగుళాలూ కవరు మీద నిలువుగా కుట్టండి. చుట్టూ చతురం, మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు. లోపలి వైపు అరచేయంత గుడ్డ ముక్క అతుకు పెట్టడం మరవకండి. ఇలా కుట్టిన ఉచ్చుని లాగితే బలం ఒక చిల్లు మీద కాకుండా నాలుగంగుళాల కుట్టు మీద పరుచుకుంటుంది. ఒక్కో పక్క రెండు అడుగులకి ఒకటి చొప్పున పెట్టండి. అణియం దగ్గర, అమరం మూలల్లో మాత్రం ఒక్కో అడుగుకి ఒకటి, గాలి ముందు వెతికేది ఆ చోట్లే కాబట్టి.

అణియానికి విడిగా టోపీలాంటి సంచి కుట్టాలి. రెండు ముక్కలు కత్తిరించి ముక్కు ఆకారంలో కలిపితే చాలు, కానీ లోపల రెగ్జిన్ పొర ఒకటి వేయండి. కవరు మొత్తాన్ని వెనక్కి లాగి బిగించేటప్పుడు ఆ లాగుడంతా ముక్కు మీదే ఆనుకుంటుంది, ముందుగా చిరిగేది కూడా అదే.

ఇప్పుడు కట్టడం. ఉచ్చుల నుంచి తాళ్ళు ఎక్కడికి పోవాలి? బోటుకి బయట కొంకులు ఉంటే సమస్యే లేదు, చాలా ఫైబర్ బోట్లకి ఉండవు. అప్పుడు బోటు పొట్ట కిందుగా ఒక పక్క ఉచ్చు నుంచి అవతలి పక్క ఉచ్చుకి తాడు పోవాలి. బోటు నీళ్ళలో ఉంటే పని తేలిక. తాడుని అణియం ముందు నుంచి కిందికి వేసి, ఇద్దరు చెరో కొస పట్టుకుని పక్కల వెంట వెనక్కి నడిచొస్తే అదే జారుతుంది. ఇసుక మీద ఉన్న బోటుకి ముందూ వెనకా దుంగలు పెట్టి ఉంటారు కాబట్టి, దుంగల మధ్య ఖాళీలో చేయి పట్టేంత ఇసుక తవ్వి తాడు దూర్చండి. ఐదారు చోట్ల దూరితే చాలు, అన్ని ఉచ్చులకీ అక్కర్లేదు, మిగతావాటిని పక్కనున్న పొట్ట తాడుకే ఏటవాలుగా కట్టొచ్చు. దూర్చేముందు తాడుకి అంటిన ఇసుక దులపండి, లేదంటే ఫైబర్ మీద గీతలు పడతాయి.

కొంతమంది ఇంత శ్రమ ఎందుకని ఉచ్చులకి ఇసుక నింపిన సీసాలో డబ్బాలో వేలాడదీస్తారు. చిన్న గాలికి పని చేస్తాయి. పెద్ద గాలికి అవే ఊగి ఊగి బోటు పక్కల్ని కొడతాయి, ఆ చప్పుడుకి మీకు నిద్ర ఉండదు, బోటుకి రంగు ఉండదు.

బిగించే ముడి లారీ వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిందే. తాడు ఒక కొస ఇవతలి ఉచ్చుకి కట్టేసి, పొట్ట కింద నుంచి అవతలికి తీసుకొచ్చారు. ఇప్పుడు అవతలి ఉచ్చుకి మూరెడు దూరంలో, తాడు నడుమన, ఒక మెలిక తిప్పి అందులోంచి తాడునే మడత లాగి చిన్న కన్ను చేయండి. కొసని అవతలి ఉచ్చులోంచి దూర్చి, వెనక్కి తెచ్చి ఆ కన్నులోంచి దూర్చి, మళ్ళీ ఉచ్చు వైపుకి లాగండి. మీరు ఒక కేజీ లాగితే లెక్క ప్రకారం అటు మూడు కేజీలు పడాలి, తాడు రాపిడికి అందులో చాలా పోతుంది, అయినా ఉత్త చేత్తో లాగినదానికన్నా ఎక్కువే పడుతుంది. బిగువు వచ్చాక కన్ను దగ్గర రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని, మిగిలిన కొసతో రెండు సగం ముడులు వేసేయండి. తీసేటప్పుడు ఆ రెండూ విప్పితే చాలు, మిగతాది దానంతట అదే జారిపోతుంది.

వరుస ముఖ్యం. ముందు అణియం టోపీ తొడగాలి, తర్వాత అమరం వైపు నుంచి వెనక్కి లాగి కట్టాలి, పక్కలు ఆ తర్వాతే. పక్కలు కూడా నడుమ నుంచి మొదలుపెట్టి, ఇటొకటి అటొకటి చొప్పున చివర్లకి పోవాలి. ఒక పక్కంతా కట్టేసి రెండో పక్కకి వస్తే కవరు మొత్తం ఒరిగిపోయి వెన్నుకర్ర మీంచి జారుతుంది. అన్నీ అయ్యాకే అంచు గొట్టంలోని తాడు బిగించండి. ఇంజన్ పెట్టె మూలలు, వెన్నుకర్ర కొసలు, ముక్కు, ఈ మూడు చోట్లా లోపలి వైపు పాత టైరు ముక్కో రెగ్జినో అడ్డం పెట్టాలి.

ప్రతి పొట్ట తాడుకీ ఒక చివర సైకిల్ ట్యూబు నుంచి రెండంగుళాల వెడల్పున కోసిన రింగు తగిలించి, దానికి తాడు కట్టండి. గాలి కొట్టు కొట్టినప్పుడు రబ్బరు కాస్త ఇచ్చి మళ్ళీ లాక్కుంటుంది, కుట్టుకి టెన్షన్ తగ్గుతుంది. ఇది ఎండకి పగులుతుంది, పగిలితే ఇంకో రింగు కోసుకోవడమే.

బిగింపు మధ్యాహ్నం ఒకసారి చూడాలి, తెల్లవారుజామున ఒకసారి చూడాలి. పీవీసీ గుడ్డ ఎండకి మెత్తబడి వదులవుతుంది, ఉదయం గట్టిగా ఉందని వెళ్ళిపోతే మధ్యాహ్నం గాలికి కొట్టుకుంటుంది. నూలు కాన్వాసు దీనికి వ్యతిరేకం, తడిస్తే కుంచించుకుంటుంది, పొడిగా ఉన్నప్పుడే వీణ తీగలా బిగించారంటే వాన రాగానే కుట్లు తెగుతాయి. కాన్వాసు వాడేవాళ్ళు వేలు దూరేంత సడలింపు వదలండి. పరీక్ష కావాలంటే మీద రెండు బకెట్ల నీళ్ళు పోసి ఎక్కడైనా నిలుస్తున్నాయా చూడండి, తర్వాత అరచేత్తో చరచండి. డప్పులా పలికితే సరే, చప్పగా బద్దుమంటే ఆ పక్క తాడు మళ్ళీ లాగాలి.

ఒక్క సందర్భంలో మాత్రం ఇదంతా విప్పేయాలి. తుపాను హెచ్చరిక వస్తే కవరు తీసి మడిచి ఇంట్లో పెట్టండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి దాదాపు 180 కిలోమీటర్ల వేగం. అది 60కి మూడు రెట్లు, కాబట్టి ఒత్తిడి తొమ్మిది రెట్లు, చదరపు మీటరుకు ఒకటిన్నర క్వింటాలు. అంత గాలిలో కట్లు గట్టిగా ఉంటే అది ఇంకా ప్రమాదం, తెరచాపలాగా బోటునే తీసుకుపోతుంది. వెన్నుకర్ర కూడా దించేయండి, బోటుని ఇంకా పైకి లాగి నేలలో పాతిన గుంజలకి విడిగా మోకుతో కట్టండి.

నాలుగో భాగంలో ఇంజన్ వైపు తెరిచే తలుపు, గాలి ఆడే కిటికీలు. పెట్రోలో కిరోసినో ఉన్న ట్యాంకుని కవరు కింద వదిలితే ఆవిరి లోపలే నిలిచిపోతుంది, కాబట్టి కిటికీలు పెట్టేదాకా ట్యాంకు దించి బయట నీడలో పెట్టుకోండి. ఈలోపు దోమతెర గుడ్డ ఒక గజం, 2 అడుగుల పెద్ద పళ్ళ ప్లాస్టిక్ జిప్పులు రెండు తెచ్చి ఉంచండి. లోహపు జిప్పు వద్దు, ఉప్పుకి బిగుసుకుపోతుంది.