లైవ్ సర్వర్‌లో పైథాన్ బగ్ వెతికే ముందు జాగ్రత్తలు

- ముందు మీ మెషీన్‌లో ఆ బగ్ మళ్లీ వస్తుందేమో చూడండి. పైథాన్, లైబ్రరీల వెర్షన్లు సర్వర్‌లో ఉన్నవే ఉండాలి.

- కోడ్‌లో బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి చూసే చోటు) మిగిలిపోలేదు కదా? పైథాన్ 3.7 నుంచి breakpoint() అనే ఒక్క లైనుతో పెట్టేయొచ్చు, మర్చిపోవడమూ అంతే తేలిక. టెర్మినల్ ఉంటే ప్రాసెస్ అక్కడే ఆగిపోతుంది, లేకపోతే రిక్వెస్ట్ ఎర్రర్‌తో పోతుంది. PYTHONBREAKPOINT అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి (ప్రోగ్రామ్ బయట సిస్టమ్‌లో పెట్టే సెట్టింగ్) 0 ఇస్తే ఆ లైను ఏమీ చేయదు. నేనైతే ప్రతి సర్వర్‌లోనూ ఇది ముందే పెట్టేస్తాను.

- ప్రాసెస్ బిగుసుకుపోతే టెన్షన్‌లో రీస్టార్ట్ కొట్టకండి, ఆధారాలన్నీ పోతాయి. ముందు పై-స్పై (py-spy) అనే టూల్‌తో స్టాక్ డంప్, అంటే ప్రోగ్రామ్ ఆ క్షణంలో ఏ ఫంక్షన్‌లో ఉందో చూపే జాబితా, తీసుకోండి.

- డీబగ్ లాగ్ ఆన్ చేస్తే టోకెన్లు, పాస్‌వర్డులు అందులో పడుతున్నాయేమో చూసుకోండి. డిస్క్‌లో ఖాళీ కూడా.

- డేటాబేస్‌కి రీడ్-ఓన్లీ (చదవడానికే, మార్చడానికి కాదు) లాగిన్ మాత్రమే వాడండి.