డైరెక్టర్ తప్పుకుంటున్నాడా? ముందు బ్యాంకుకు వెళ్లండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ మన ఫిషింగ్ హార్బర్ చుట్టూ ఐస్, వలలు, డీజిల్ సరఫరా చేసే చిన్న కంపెనీలకు పని పలచబడుతుంది. లెక్కలు తీరిగ్గా చూసుకునేది అప్పుడే, బావామరుదులకు చెడేదీ అప్పుడే. "వాణ్ని డైరెక్టర్‌గా తీసేశాం కదండీ, బ్యాంకు వాడి సంతకం మీద డబ్బెలా పంపింది?" అంటూ మా ఆడిట్ ఆఫీసు మెట్లెక్కుతారు.

మీ గొడవ బ్యాంకుకు తెలియదు. దాని దగ్గర ఉన్నది మీరిచ్చిన బోర్డు తీర్మానం, నమూనా సంతకాల కార్డు. అందులో "ఇద్దరిలో ఎవరైనా" అని ఉంటే ఒక్క సంతకంతో ఆర్టీజీఎస్ (బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు బదిలీ) వెళ్లిపోతుంది, తర్వాత బ్యాంకును తప్పుపట్టడం కష్టం. "ఇద్దరూ కలిసి" అని రాయించండి. కూలీ, కిరాయిల్లాంటి చిల్లర ఖర్చులకు మాత్రం ఒక పరిమితి వరకు ఒక్కరికే అధికారం ఇవ్వచ్చు.

డైరెక్టర్ తప్పుకుంటే 30 రోజుల్లోగా కంపెనీల రిజిస్ట్రార్‌కు, డైరెక్టర్ల మార్పు తెలిపే డీఐఆర్-12 ఫారం వేయాలి. అది వేసేశాం, పనైపోయిందనుకుంటారు చాలామంది. బ్రాంచికి మళ్లీ విడిగా చెప్పాలి. కొత్త తీర్మానం నకలు అదే రోజు ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో బ్యాంకు ముద్ర వేయించుకోండి. గాజువాక నుంచి వచ్చిన ఒకాయన ఉత్తరం కౌంటర్లో ఇచ్చానన్నాడు. ఆయన చేతిలో కాపీ ఉంది, దాని మీద ముద్ర లేదు. ఇక వాదించడానికేముంది?

అసలు చిక్కు నెట్ బ్యాంకింగ్ దగ్గర. చెక్కుల మీద సంతకందారుణ్ని మార్చినా, పాత డైరెక్టర్ యూజర్ ఐడీ అలాగే ఉండిపోవచ్చు, ఓటీపీ ఆయన ఫోన్‌కే పోతుండవచ్చు. వీటి మార్పుకు కూడా అడిగి మరీ ఫారం ఇవ్వండి. ఎంట్రీ వేసేవాళ్లు ఒకరు, ఆమోదించేవాళ్లు ఇంకొకరు ఉండాలి. రెండు పాస్‌వర్డులూ అకౌంటెంట్ డైరీలో రాసిపెట్టే ఆఫీసులు నేను చూశాను!

ఇద్దరు డైరెక్టర్లూ పోటాపోటీగా ఉత్తరాలు రాస్తే బ్యాంకు మామూలుగా ఖాతా ఆపేస్తుంది, ఉమ్మడి ఉత్తరమో కోర్టు ఉత్తర్వో తెమ్మంటుంది. జీతాలూ ఆగిపోతాయి. అందుకే పొత్తు బాగున్నప్పుడే, తగాదా వస్తే ఖాతా ఎవరు నడపాలో రాసుకోండి.

దొంగ సంతకం సంగతి వేరు. ఒక కంపెనీ అకౌంటెంట్ మేనేజింగ్ డైరెక్టర్ సంతకం ఫోర్జరీ చేసి 42 చెక్కులు మార్చుకున్న కెనరా బ్యాంకు కేసులో, నష్టం బ్యాంకుదేనని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. కంపెనీ పాస్‌బుక్ చూసుకోలేదన్న బ్యాంకు సాకు చెల్లలేదు. అలాగని నిర్లక్ష్యం చేయకండి. ఆన్‌లైన్ మోసమైతే వెంటనే బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయాలి.

డైరెక్టర్ సొంత అప్పు కింద కంపెనీ డబ్బును బ్యాంకు జమ చేసుకుంటే, కంపెనీ హామీ ఇవ్వనప్పుడు గట్టిగా అడగండి. కంపెనీ వేరు, మనిషి వేరు. హామీ పత్రం మీద ఎప్పుడైనా సంతకం పెట్టారేమో మాత్రం ముందు పాత ఫైళ్లు తిరగేయండి.