పదవీ విరమణ డబ్బుతో పునాది తీయకముందు

గ్రాట్యుటీ, పీఎఫ్, మిగిలిన సెలవుల డబ్బు అన్నీ కలిసి కొద్ది వారాల్లో ఖాతాలో పడతాయి. ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసినవారు కూడా అంత మొత్తం ఒకేచోట ఎన్నడూ చూసి ఉండరు. సరిగ్గా అప్పుడే ఊరి నుంచి ఫోను వస్తుంది. "స్థలం ఖాళీగా పడి ఉంది కదా బావా, శ్రావణంలో శంకుస్థాపన చేసేద్దాం" అంటారు. ఇంటి విషయంలో నేను చూసిన పెద్ద పొరపాట్లు ఎక్కువగా ఆ మొదటి ఆరు నెలల్లో జరిగినవే. కాబట్టి ముందుగా చెప్పేది ఒకటే: ఏడాది గడవనిదే పునాది తీయవద్దు.

ఆ ఏడాది అదే ఊళ్లో, వీలైతే అదే వీధిలో అద్దెకు ఉండండి. మన మనసులో ఉన్నది చిన్నప్పటి ఊరు, ఇప్పుడు ఉండబోయేది ఇవాళ్టి ఊరు. వానాకాలంలో నీరు ఎక్కడ నిలుస్తుందో, మే నెలలో బోరు ఎన్ని నిమిషాలు పోస్తుందో, మధ్యాహ్నం కరెంటు ఎంతసేపు ఉంటుందో సంక్రాంతికి నాలుగు రోజులు వచ్చి వెళ్లేవారికి తెలియదు. పలకరించే మనుషులు ఎందరు మిగిలారో కూడా అప్పుడే తెలుస్తుంది. ఒక రాత్రి పదకొండు గంటలకు కారు తీసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి దాకా వెళ్లి ఎంత సమయం పట్టిందో రాసి పెట్టుకోండి. మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. స్కాన్ తీసి, వైద్యుడు చూసి, మందు ఎక్కించే సమయమంతా అందులోదే. ఎంత ముందు అందితే అంత మంచిది.

ఇక డబ్బు. చదరపు అడుగుకు 2,000 రూపాయలు అనుకుంటే 1,500 చదరపు అడుగుల ఇంటికి 30 లక్షలు. ప్రహరీ, గేటు, బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్లాను ఫీజు, కరెంటు మీటరు చాలాసార్లు ఆ లెక్కలో ఉండవు. మధ్యలో మనమే అడిగే మార్పులూ ఉండవు. అదే 30 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేశామనుకోండి. 2023 ఏప్రిల్ నుంచి ఒకరికి గరిష్ఠ పరిమితి అంతే. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 61,500 రూపాయలు వస్తాయి, అంటే నెలకు 20,500. దాని మీద పన్ను ఉంటుంది. వేసే ముందు అప్పటి వడ్డీ రేటు అడగాలి, వేశాక అయిదేళ్లూ అదే రేటు. మా ఊళ్లాంటి చోట ఆ డబ్బుతో అద్దె కట్టగా, మందులకూ పాలకూ మిగులుతుంది. ఇల్లు కట్టవద్దని నేను అనడం లేదు. చేతికి వచ్చినదంతా గోడల్లో పెట్టి, ఆసుపత్రి ఖర్చుకు పిల్లల వైపు చూడాల్సిన స్థితి మాత్రం తెచ్చుకోవద్దు. వచ్చినదానిలో సగం దాటితే ఇంటి సైజు తగ్గించుకోవలసిందే. అరవై దాటాక గృహరుణం జోలికి అసలు వెళ్లవద్దు.

మా పెద్దన్నయ్య 2011లో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. పడకగదులన్నీ పైనే. అమెరికా నుంచి పిల్లలు వస్తే ఉండటానికని వాటిలో రెండు. వదినకు మోకాలి శస్త్రచికిత్స అయ్యాక మెట్లు ఎక్కడం మానేసింది. ఇప్పుడు హాల్లో టీవీ పక్కనే ఆమె మంచం. ఎవరు గుమ్మంలోకి వచ్చినా చీర సర్దుకుంటూ లేచి కూర్చుంటుంది. కింద ఉన్న ఒకే ఒక్క బాత్రూము మెట్ల కింద ఉంది, దాని నేల హాలు కంటే నాలుగు అంగుళాలు పల్లం. ఆ నాలుగు అంగుళాలు దిగడానికి ఒక చేత్తో తలుపు గడియ, ఇంకో చేత్తో అన్నయ్య భుజం పట్టుకుంటుంది. అన్నయ్యకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది.

అందుకే ప్లాను గీయించేటప్పుడు ఇవాళ్టి మన కాళ్లను కాదు, ఎనభై ఏళ్ల నాటి కాళ్లను లెక్కలోకి తీసుకోండి. పైన ఎన్ని గదులు వేసినా, కింద ఒక పడకగది, దానికి ఆనుకొని బాత్రూము తప్పనిసరి. బాత్రూము తలుపు మూడడుగుల వెడల్పు ఉండాలి, బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు ఆ మనిషికే అడ్డుపడుతుంది. కమోడ్ పక్కన గోడకు పట్టుకునే కడ్డీ, నేలకు గరుకు టైల్స్ పెట్టించండి. సింహద్వారానికి పసుపు రాసి బొట్లు పెట్టే గడప ఉంచుకోండి, లోపలి గదులకు మాత్రం వద్దు. కాలు ఈడ్చి నడిచే వయసులో ఒక అంగుళం గడప చాలు పడేయడానికి. చక్రాల కుర్చీ వెళ్లే వాలుకు ప్రతి అంగుళం ఎత్తుకు ఒక అడుగు పొడవు కావాలి. రోడ్డు కంటే రెండడుగుల ఎత్తులో బేస్‌మెంట్ వేస్తే వాలుకే 24 అడుగులు. అలాగని ఎత్తు తగ్గించలేం, సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి పైకి లేస్తుంది. ఆ 24 అడుగులకు చోటు ముందే ప్లానులో పెట్టించాలి, తర్వాత దొరకదు.

తాతల నాటి స్థలమైతే కాగితాల పని ఇంకా ముందే మొదలుపెట్టండి. గ్రామకంఠంలోని, అంటే ఊరి నివాసాలకని కేటాయించిన నేలలోని స్థలాలకు చాలాచోట్ల రిజిస్టరైన దస్తావేజే ఉండదు. అన్నదమ్ముల మధ్య నోటిమాట పంపకాలు జరిగి ఉంటే వాటిని రిజిస్టర్ చేయించండి. ఆడపడుచులను మరచిపోవద్దు. హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నాటి సవరణతో, దేశమంతటా 2005 సవరణతో కూతుళ్లకూ ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. సంతకం కోసం కాదు, న్యాయం కోసం వాళ్లతో కూర్చొని మాట్లాడాలి. కొత్తగా కొనే స్థలమైతే ఈసీ (స్థలం మీద నమోదైన తాకట్లు, అమ్మకాలు చూపే పత్రం), లింకు దస్తావేజులు (పాత యజమానుల నాటి పత్రాలు), రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే మరింత జాగ్రత్త అవసరం.

కట్టడం మొదలయ్యాక జాగ్రత్తలు చాలా ఉన్నాయి, రెండే చెబుతాను. మా వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పక్కింటి పునాది లోతు చూసి అంతే తీయిస్తే గోడలు పగులుతాయి. ఇంజినీరు చేత మట్టి పరీక్ష చేయించండి. రెండోది నీళ్లు కొట్టడం. బూడిద కలిసిన సిమెంటుకు కనీసం పది రోజులు తడి ఆరకూడదు. స్లాబు మీద మళ్లు కట్టించి, పొద్దునా సాయంత్రమూ మనమే వెళ్లి చూడాలి. కాంట్రాక్టరుకు దశల వారీగా ఇస్తూ, పదో వంతు చివరిదాకా ఆపండి.

ఇల్లు మొదటి నుంచీ భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. పూర్తయ్యాక పిల్లలకు గిఫ్ట్ డీడ్ రాయవద్దు, వీలునామా రాయండి. చూసుకోలేదని గిఫ్ట్ డీడ్ రద్దు చేయించుకోవడానికి 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో దారి ఉంది. కానీ చూసుకోవాలన్న షరతు దస్తావేజులో ఉందా లేదా అన్న దగ్గరే వివాదం మొదలవుతుంది. డెబ్బై అయిదేళ్ల వయసులో కన్నపిల్లల మీద ఫిర్యాదు చేసే దాకా ఎందుకు రావాలి?

మేమిద్దరం పోయిన ఆషాఢం నుంచి అన్నయ్య ఇంటికి నాలుగిళ్ల అవతల అద్దెకు ఉంటున్నాం. వానాకాలం గడిచింది, మా స్థలంలో ఈశాన్యం మూల అయిదు రోజులు నీరు నిలిచింది. ఆసుపత్రికి రాత్రి పూట యాభై నిమిషాలు పట్టింది. ఎండాకాలంలో బోరు సంగతి చూడాలి. మేస్త్రీకి కబురు ఆ తర్వాతే.