మీ వాడ రోడ్డు లెక్క మీరే తేల్చుకోండి: మేం చేసిన పద్ధతి

నల్గొండ జిల్లాలో మహిళా సంఘాల పుస్తకాలు రాస్తుంటాను. వాడలో ఏ గొడవ వచ్చినా "అక్కా, ఓ కాగితం రాసిపెట్టు" అని వస్తారు. మొదట్లో కాగితం రాసి, నా సంతకమే పెట్టి, నేనే ఆఫీసుకు పోయేదాన్ని. కుర్చీ వేసేవారు, టీ ఇచ్చేవారు, చూస్తామనేవారు. సీసీ రోడ్డు విషయంలో అలా పోయొచ్చిన మర్నాటికే "ఆమెకేదో ముట్టిందట" అని వాడంతా పాకింది. వాళ్ల తరఫున పోవడం మానేసి వాళ్లతో పోవడం అప్పుడే మొదలుపెట్టాను.

ముందు కూర్చోండి, అదీ పొద్దుగూకాక. పత్తి ఏరి వచ్చినవాళ్లు ఏడింటికిగానీ తీరిక చేసుకోరు. మా దగ్గర పింఛన్లు, వీధి లైట్లు, రోడ్డు, ఇలా చాలా బయటికొచ్చాయి. రెండు సాయంత్రాలు మాట్లాడుకుని రోడ్డే పట్టుకున్నాం. తాడేసి కొలవొచ్చు కదా, ఎవరూ కాదనలేరు.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. "రోడ్డు నాసిరకంగా ఎందుకు వేశారు?" అని రాయకండి, దానికి జవాబు రాదు. ఇలా రాయండి: "మా వాడలో వేసిన సీసీ రోడ్డు ఎస్టిమేట్, ఎం.బుక్, బిల్లుల నకళ్లు ఇవ్వగలరు." ఎం.బుక్ అంటే ఇంజినీరు పని కొలతలు రాసే పుస్తకం. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు కాగితముంటే అదీ లేదు. పొరపాటున వేరే ఆఫీసులో ఇచ్చినా, సరైన చోటికి వాళ్లే 5 రోజుల్లో పంపాలి.

దరఖాస్తు ఒక్కరి పేరున వద్దు. మావాళ్లు ఐదుగురు ఆడవాళ్లు ఎవరి పేరున వాళ్లు వేశారు. ఒక్కరే వేస్తే రాత్రికి ఆ ఇంటికి పెద్దమనుషులు వస్తారు. ఐదిళ్లకు తిరగాలంటే వాళ్లకూ మొహమాటమే. తేదీ వేసిన రసీదు లేకుండా మాత్రం అక్కణ్నుంచి కదలొద్దు. 30 రోజుల్లో జవాబు రావాలి. మాకు రాలేదు. మరో 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు వేయొచ్చు. వేశాం, నకళ్లు వచ్చాయి. గడువు దాటింది కాబట్టి పేజీకి 2 రూపాయలూ అడగకూడదు, ఆ మాట గుర్తుచేయాల్సి వచ్చింది.

ఎం.బుక్ చూసి బెదరకండి. మూడు గడులు చూస్తే చాలు. పొడవు, వెడల్పు, మందం. మాది 110 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 0.15 మందం అని ఉంది. మందమంటే ఆరంగుళాలన్నమాట. మేస్త్రీ దగ్గర టేపు తెచ్చి, పట్టపగలు అందరూ చూస్తుండగా మూడుసార్లు కొలిచాం. 84 మీటర్లు. అంచు విరిగిన చోట పిల్లల స్కేలు పెడితే నాలుగంగుళాలు. కొలిచిన కాగితం మీద అక్కడున్నవాళ్లంతా సంతకాలు, వేలిముద్రలు వేశారు.

ఇక చదివి వినిపించడం. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 డిసెంబరులో కోట్ కిరానా ఊళ్లో చేసింది ఇదే. పనుల లెక్కలు జనం మధ్య పైకి చదివారు. "హమారా పైసా, హమారా హిసాబ్" (మా డబ్బు, మా లెక్క) వాళ్ల మాటే. మేం వేపచెట్టు కింద పెట్టాం. సర్పంచ్‌కు, పని చూసే ఇంజినీరు ఏఈకి, కాంట్రాక్టర్‌కు ముందే కాగితం ఇచ్చాం, వాళ్ల మాటా వినాలి కదా. డిగ్రీ చదివే అమ్మాయి ఒక్కో లైను చదువుతుంటే ఓ అవ్వ లేచి అంది: "రోడ్డు మా ఇంటిదాకా రానే లేదు బిడ్డా, కాగితంల మాత్రం మా ఇల్లు దాటిపోయింది!" అందరూ నవ్వారు. కాంట్రాక్టర్ మనిషి కేకలేశాడు. అడ్డుపడలేదు, అతను అన్నదీ రాసుకున్నాం.

ఒక్క జాగ్రత్త. ఆ కాంట్రాక్టర్ దగ్గరే కూలికి పోయేవాళ్లుంటారు. వాళ్లని మాట్లాడమని బలవంతపెట్టొద్దు, ఫొటో తీయొద్దు. మా దగ్గర ఇద్దరు వెనక నిలబడి విని వెళ్లిపోయారు. వాళ్ల ఇల్లు గడవాలి, నేను తప్పు పట్టను.

తర్వాతి గ్రామసభలో తీర్మానం రాయించాం, సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి నంబరు తీసుకున్నాం. వెళ్లింది ఆ ఐదుగురే. నేను బస్సు దాకా పోయి వచ్చాను. ఐదు నెలలకు 18 మీటర్లు వేశారు. ఇంకో 8 మీటర్లు మిగిలి ఉన్నాయి. ఫైలు అవ్వ ట్రంకుపెట్టెలో ఉంది, నా దగ్గరున్నవి జిరాక్సులే.