షెడ్డు ఎక్కడ వెయ్యాలి: సరుకు దగ్గరా, కస్టమర్ దగ్గరా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు చిన్న యూనిట్ పెడదామనుకునేవాళ్ళు చాలామంది సొంత స్థలం ఎక్కడుంటే అక్కడే షెడ్డు వేసేస్తారు, అద్దె మిగుల్తుంది కదా అని. అద్దె సంగతి తర్వాత, ముందు మీ ముడిసరుకు వస్తువుగా తయారయ్యేసరికి బరువు తగ్గుతుందా లేదా చూసుకోండి.

పలాసలో 80 కేజీల జీడిపిక్కల బస్తా కొడితే పప్పు 20 కేజీలు, కాస్త అటూ ఇటూ, మిగతాదంతా తొక్కే. ఆ తొక్కకి లారీ కిరాయి దండగ కాబట్టి పలాస చుట్టుపక్కల ఉద్దానం జీడితోటల పక్కన ఫ్యాక్టరీ ఉంటేనే లాభం. మరి ఇప్పుడు ఆఫ్రికా పిక్కలు కూడా ఓడల్లో వస్తున్నాయి కదా, ఫ్యాక్టరీలు పోర్టు దగ్గరికి వెళ్ళిపోలేదేం అంటే, పప్పు విరక్కుండా తీసే చేతులు, గ్రేడు చూసి రేటు చెప్పే బ్రోకర్లు, మెషిను ఆగితే గంటలో వచ్చే మెకానిక్కు, అందరూ పలాస-కాశీబుగ్గలోనే ఉన్నారు. సప్లయర్ అంటే ముడిసరుకు ఇచ్చేవాడొక్కడే కాదు మరి.

ఇటుకలు, 20 లీటర్ల వాటర్ క్యాన్లు లాంటివైతే ఆలోచించక్కర్లేదు, బరువెక్కువ రేటు తక్కువ, కస్టమర్ పక్కనే పెట్టండి.

తర్వాత, సప్లయర్ ఎంత దూరమన్న లెక్క కిలోమీటర్లలో వెయ్యకండి, డబ్బు ఎన్నాళ్ళు ఇరుక్కుంటుందో చూడండి. విజయనగరంలో గేట్లు, గ్రిల్స్ చేసే షాపు, రోజుకి అర టన్ను ఇనుము, టన్ను 60 వేలు అనుకుందాం. వైజాగ్ డీలరైతే రెండ్రోజులకి టన్ను తెచ్చుకుంటే చాలు, 60 వేలతో నడిచిపోద్ది. అదే రాయపూర్ నుంచి 20 టన్నుల లారీ దింపితే కిరాయి పోను కూడా కేజీకి ఒకట్రెండు రూపాయలు మిగలొచ్చు, కాదనను, కానీ 12 లక్షలు ఒక్కసారే పెట్టాలి, ఆ సరుకు అరగడానికి 40 రోజులు. కొత్త షాపుకి ఆ డబ్బు ఇంకో వెల్డింగ్ మెషిను మీద, ఇద్దరు కుర్రాళ్ళ జీతాల మీద పెట్టడమే మంచిదని నా ఉద్దేశం.

కస్టమర్ దగ్గరుంటే గేటు బిజాగిరీ బిగుసుకుపోయిందని సాయంత్రానికే కబురొస్తుంది, మర్నాటి గేటుకి సరిచేసీయొచ్చు. కాకపోతే దగ్గరోళ్ళే అరువు ఎక్కువ పెడతారు, తెలిసినోడు కదా అని. మీ కొనుగోలుదారు కంపెనీ అయితే ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న యూనిట్లకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించుకోండి, చిన్న పరిశ్రమల కోసం ఉన్న 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతలో ఒప్పందం ఉంటే గరిష్టంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి, దాటితే వడ్డీ. బిల్లు మీద తేదీ వేయించుకోవడం మాత్రం మర్చిపోవద్దు.

ఒకే పెద్ద ఫ్యాక్టరీని నమ్ముకుని దాని గేటు పక్కనే పెట్టేస్తే మొదట్లో బాగానే పెరుగుతారు, మన దగ్గర జూట్ మిల్లు లాకౌట్ పడితే ఎదురుగా ఉన్న టీ కొట్టు ఏమవుద్దో తెలుసుగా. సప్లయర్లదీ అంతే, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు ఒక్క దెబ్బకి కూలిపోయాయి, తోటలూ ఫ్యాక్టరీలూ ఒకే చోట ఉంటే దెబ్బ కూడా ఒకేసారి తగుల్తుంది. అందుకని తీరానికి దూరంగా ఇంకో సప్లయర్‌ని పెట్టుకోండి, రేటు కాస్త ఎక్కువైనా అప్పుడప్పుడూ చిన్న ఆర్డరు ఇస్తూ ఉండండి, లేకపోతే అవసరమైన రోజు ఫోన్ చేస్తే ఎవరండీ మీరు అంటాడు.